రెజ్లర్ల మధ్య మోహాన్ని గీసే బొమ్మల్లో నాకు కనిపించేది

ప్రశ్న: ప్రొఫెషనల్ రెజ్లింగ్ అభిమానులు మగ రెజ్లర్లను అసాధ్యమైన కండలతో, ఒకరిపై ఒకరికి మోహం ఉన్నట్టు గీసిన బొమ్మలు చూశాను. నాకు వెగటు పుట్టింది. వీటిలో ఇష్టపడటానికి ఏముంది?

జవాబు: చాలా ఉంది. ఇలాంటి బొమ్మలను నేను ఏళ్లుగా చూస్తున్నాను, దాచుకుంటున్నాను, కొన్ని గీశాను కూడా. నేను మగవాళ్లను ప్రేమించే మగవాడిని. కాబట్టి ఈ ఇష్టంలో నా కోరికకూ పాలు ఉంది, దాన్ని దాచను. కానీ అదొక్కటే కారణమైతే ఫొటోలు చాలు, బొమ్మల దాకా రానక్కర్లేదు.

ముందు రెజ్లింగ్ స్వభావం చూడండి. గెలుపోటములు ముందే నిర్ణయమైన ప్రదర్శన అది. రింగులో ఇద్దరూ నిజంగా కొట్టుకోవడం లేదు, కొట్లాటను కలిసి నటిస్తున్నారు. ఒకడు ఎదుటివాణ్ని తలకిందులుగా ఎత్తాడంటే, ఆ రెండోవాడు తన మెడనూ వెన్నెముకనూ నమ్మకంగా అతని చేతుల్లో పెట్టాడన్న మాట. ఇక ఆ నొప్పి, ఆ పగ, ఆ గర్వం చివరి వరుసలో కూర్చున్నవాడికీ తెలియాలి. మన వీధినాటకంలో కిరీటమూ భుజకీర్తులూ ఎందుకంత పెద్దవిగా ఉంటాయో, రెజ్లింగులో కండలూ మెరుపు దుస్తులూ అందుకే అంత పెద్దవి. కాబట్టి అభిమాని గీసే బొమ్మలోని అతిశయం బయటినుంచి తెచ్చి అతికించింది కాదు. రింగు మొదలుపెట్టిన పనిని కుంచె కొనసాగిస్తుంది.

మోహం కూడా అంతే. 1940లు, 50లలో అమెరికాలో గార్జియస్ జార్జ్ అనే రెజ్లర్ బంగారు రంగు జుట్టుతో, ఖరీదైన అంగీలతో వచ్చేవాడు. అతని సహాయకుడు ముందుగా రింగులో అత్తరు చల్లేవాడు. జనం అతన్ని తిట్టడానికే టిక్కెట్లు కొనేవారు. మెక్సికోలో ఆడంగి వేషాలతో పోటీపడే ఎక్సోటికోలు చాలాకాలం నవ్వులాటకే పరిమితమయ్యారు. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన కసాండ్రో, తాను గే అని బహిరంగంగా చెప్పుకుంటూనే, 1992లో యూడబ్ల్యూఏ అనే మెక్సికో రెజ్లింగ్ సంస్థ ప్రపంచ లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. మగవాళ్ల మధ్య ఆకర్షణ రింగులో ఎప్పుడూ ఉంది. ఎక్కువగా ఎగతాళి కోసం వాడుకున్నారు, అంతే.

ఎగతాళి లేకుండా ఆ కథ చెప్పిన జంట నాకు అన్నిటికన్నా ఇష్టం. జపాన్‌కు చెందిన కోటా ఇబుషి, కెనడావాడైన కెన్నీ ఒమేగా 2008లో డీడీటీ అనే జపాన్ రెజ్లింగ్ సంస్థలో ప్రత్యర్థులుగా కలిశారు. మరుసటి ఏడాదికల్లా గోల్డెన్ లవర్స్ పేరుతో జట్టయ్యారు. 2014 చివర్లో ఒమేగా బుల్లెట్ క్లబ్ అనే ముఠాలో చేరడంతో కథలో దారులు వేరయ్యాయి. 2018 జనవరి 28న జపాన్ నగరం సపొరోలో, టైటిల్ పోగొట్టుకున్న ఒమేగాపై సొంత ముఠావాళ్లే దాడి చేస్తే ఇబుషి పరుగున వచ్చి అడ్డుపడ్డాడు. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకుని కౌగిలించుకున్నారు. పైనుంచి రంగు కాగితాల వాన కురిసింది. ఎవరూ వెక్కిరించలేదు. హాల్లో జనం సంతోషంతో కేకలు వేశారు. నేను ఏడ్చాను. అదే ఏడాది సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలు నేరం కాదని తీర్పు చెప్పింది. నా మనసులో ఆ రెండు తేదీలూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి.

ఆ కౌగిలిని గీసినవాళ్లు ఎందరో. కొందరు భుజాలను కొండల్లా పెంచారు, కొందరు నడుమును అసాధ్యంగా సన్నం చేశారు, కన్నీటి చుక్కను పిడికిలంత గీసినవాళ్లూ ఉన్నారు. వాటిలో నాకు నచ్చినవి వీడియోకన్నా నిజంగా అనిపిస్తాయి. ఎందుకో నేను గీస్తున్నప్పుడు అర్థమైంది. కొలతలు సరిగ్గా పెట్టి గీస్తే అది ఇద్దరు ఆటగాళ్ల పలకరింపులా ఉంది. వీపు మీది చేతిని కాస్త పెద్దది చేసి, వేళ్ల కింద కండ నొక్కుకుపోయినట్టు గీసేసరికి, ఏళ్ల ఎడబాటు కనిపించింది.

ఈ పద్ధతికి పెద్ద దిక్కు టామ్ ఆఫ్ ఫిన్లాండ్ పేరుతో గీసిన టౌకో లాక్సొనెన్ (1920-1991). గే మగవాడంటే బలహీనుడనీ దుఃఖితుడనీ లోకం అనుకునే రోజుల్లో అతను వాళ్లను బలంగా, నిబ్బరంగా, నవ్వుతూ ఉండేలా పెన్సిలుతో గీశాడు. 2014లో ఫిన్లాండ్ అతని చిత్రాలతో తపాలా బిళ్లలు తెచ్చింది. పెంచిన కండ అతని దగ్గర ఆత్మగౌరవం. నేటి రెజ్లింగ్ చిత్రకారులు చాలామంది ఆ గీతకు వారసులే.

అన్నీ గొప్పవని చెప్పను. కండలు మాత్రం ఉబ్బి, దేహానికి బరువు లేని బొమ్మలు నాకు విసుగు. పట్టు పడితే చర్మం ముడతపడాలి, మోకాలు ఆనిన చోట పక్కటెముక లొంగాలి, కళ్లు ఎవరినో వెతకాలి. ఇంకో మాట: ఇవి రింగులోని పాత్రల బొమ్మలు. వెనక నిజమైన మనుషులున్నారు. వాళ్ల ఇంటి సంగతులను, భార్యాపిల్లలను బొమ్మల్లోకి లాగడం, శృంగారం పాలు ఎక్కువైన బొమ్మలను నేరుగా వాళ్లకు పంపడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మీ వెగటు గురించి ఒకటి అడుగుతాను. చిన్నప్పుడు రెజ్లర్ల ట్రంప్ కార్డులు ఆడారా? మా వీధిలో పిల్లలందరికీ ఎవరి ఛాతీ ఎంత, ఎవరి బైసెప్స్ ఎంత అన్నది నోటికి వచ్చు. మగ దేహాన్ని అంత శ్రద్ధగా మెచ్చుకుంటున్నా ఎవరూ వింతగా చూడలేదు, ఆట పేరు అడ్డుగా ఉంది కాబట్టి. ఈ బొమ్మలు ఆ అడ్డు తీసేస్తాయి.

కండల వల్లే ఇబ్బందిగా ఉంటే ముందు సపొరో వీడియో చూడండి. తర్వాత 2018 ఆగస్టు 11న టోక్యోలోని బుడోకాన్ హాల్లో, జీ1 అనే వార్షిక టోర్నీలో, ఇబుషి, ఒమేగా ఒకరితో ఒకరు తలపడ్డ పోరు చూడండి. ఇబుషి ఒమేగా మణికట్లు రెండూ పట్టుకుని, మోకాలితో ముఖంపై కొట్టి గెలుస్తాడు. కమిగొయె అంటారు ఆ దెబ్బను. కొట్టేముందు చేతులు పట్టుకున్న ఆ క్షణం దగ్గర వీడియో ఆపి, దాన్ని గీసిన బొమ్మలు వెతకండి. ముందుగా వేళ్లను చూడండి, కండలు తర్వాత.