ముందు ఇరుసు సీలు మళ్లీ మళ్లీ ఎందుకు పోతోంది: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ జిప్సీ ముందు ఇరుసుకు కుడివైపు ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాన్ని, అదే ఆయిల్ సీలును, ఏడాదిలో మూడుసార్లు మార్పించావని, అయినా అరకు వెళ్లివచ్చేసరికి చక్రం లోపలివైపు మళ్లీ తడిసిందని రాశావు. సీలు నాసిరకమని మెకానిక్ అంటున్నాడని, ఈసారి ఇంకా ఖరీదైనది వేయించమంటావా అని అడిగావు. వద్దు. ఒక్క సీలు పోతే అది అరిగిందనుకోవచ్చు గానీ, ఒకే చోట మూడు పోయాయంటే వాటిని పాడుచేస్తున్నది మరొకటి ఉంది. అది దొరికేదాకా నాలుగోది కొనవద్దు.

ముందుగా ఆ ఆయిల్ ఏది, ఎక్కడ మొదలవుతోంది అన్నది తేల్చుకో. చక్రం వెనుక భాగం, ఇరుసును కప్పి ఉండే ఇనుప గొట్టం (హౌసింగ్), ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల గుండు (డిఫరెన్షియల్) మూతి అంతా కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలిదాకా వెళ్లివచ్చి టార్చిలైటు వేసి చూడు. బొట్టు కారేచోటు చూసి మోసపోవద్దు, ఎందుకంటే గాలి వేగానికి ఆయిల్ ఎప్పుడూ వెనక్కీ కిందికీ పాకుతుంది. పౌడరు మీద అన్నిటికంటే పైన, ముందుగా తడిసిన గీత ఎక్కడుందో అదే దాని పుట్టిల్లు. గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. జిడ్డు తక్కువగా ఉండి పెయింటును లేపేస్తుంటే బ్రేక్ ఆయిల్, అప్పుడు దారి వేరు. ఇంజను బలాన్ని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు డిఫరెన్షియల్‌కు కలిసేచోట ఉండే పినియన్ సీలు పోతే, ఆ షాఫ్టు తిరిగే తీరున చుట్టూ వలయంలా చిమ్మిన మరకలుంటాయి; నీవు చెప్పిన లక్షణం అది కాదు.

నీ బండికి ఆ మూలన రెండు సీళ్లు ఉన్నాయన్న సంగతి నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. హౌసింగ్ గొట్టం లోపల చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు చుట్టూ ఉండే చిన్న సీలు గేర్ ఆయిల్‌ను డిఫరెన్షియల్ వైపే ఆపుతుంది. బయట, స్టీరింగుతో పాటు చక్రాన్ని పక్కకు తిప్పే నకిల్ వెనుక, బంతిలాంటి హౌసింగ్ కొనను తుడుస్తూ తిరిగే పెద్ద సీలు లోపలి గ్రీజును ఆపుతుంది. తడి కనిపించేది పెద్దదాని దగ్గర కనుక దాన్నే మారుస్తారు, తప్పు తరచుగా చిన్నదానిలో ఉంటుంది. నకిల్ నుంచి వచ్చినదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూడు. ముద్దగా ఉంటే గ్రీజు, బయటి సీలు వ్యవహారం. నల్లటి అంబలిలా జారిపోతూ గంధకం వాసన వస్తే, గేర్ ఆయిల్ లోపలి సీలు దాటివచ్చి గ్రీజును కరిగించేసిందని అర్థం.

అది అంబలే అయితే, షాఫ్టు విప్పకముందు బ్రీదర్, అంటే హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే రంధ్రం, చూడాలి. హౌసింగ్ పైభాగాన చిటికెనవేలి కొనంత ఉండే ఆ చిన్న లోహపు ముక్కను ఎవరూ లెక్కచేయరు. ఘాటు ఎక్కేటప్పుడు డిఫరెన్షియల్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల దగ్గరున్న గాలి 80 డిగ్రీలకు చేరితే, బయటికి దారి లేనప్పుడు, దాని ఒత్తిడి సుమారు ఆరో వంతు పెరుగుతుంది. సన్నని స్ప్రింగు బిగింపుతో షాఫ్టును పట్టుకునే రబ్బరు పెదవిని ఆ ఒత్తిడి రోజూ నెడుతూ ఉంటే ఎంత ఖరీదైన సీలైనా ఆయిల్‌ను వదిలేస్తుంది. ఈ పాఠం నేను నా చేతి తప్పుతోనే నేర్చుకున్నాను. ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఒక పాత జిప్సీ అడుగంతా నల్లటి అండర్‌కోటింగ్ నేనే దట్టంగా కొట్టాను. ఆ బండి పాడేరు తిరుగుతూ రెండుసార్లు సీలు పోగొట్టుకుని వచ్చింది, రెండుసార్లూ మార్చి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు డిఫరెన్షియల్ వేడి మీద ఉండగానే దానిలో ఆయిల్ పోసే రంధ్రపు బిరడా (ఫిల్లర్ బిరడా) వదులు చేస్తే బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. పైకి చూస్తే బ్రీదర్ మీద నేను కొట్టిన నల్లపూత గట్టి తొక్కలా కప్పుకుని ఉంది. సీళ్ల డబ్బు మళ్లీ బండి యజమాని చేతిలో పెట్టాను.

నీవూ పోయిన వానాకాలానికి ముందు పూత కొట్టించానన్నావు కనుక అనుమానం అక్కడే. బిరడా వదులు చేసి చూడు, ముఖం మాత్రం దూరంగా పెట్టుకో. తరువాత బ్రీదర్ విప్పి మర వైపు నుంచి నోటితో ఊదు. గాలి సులువుగా పోకపోతే మార్చు. వీలైతే దాని స్థానంలో నిపుల్ బిగించి, ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టం తొడిగి, ఇంజను గదిలో ఎత్తుగా, కొన కిందికి వంచి కట్టించు. చాపరాయి దగ్గర వాగులు దాటే నీకు ఇది మరీ అవసరం, ఎందుకంటే కాగిన హౌసింగ్ చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని సీళ్ల గుండా పీల్చుకుంటుంది. తీసిన ఆయిల్ మజ్జిగలా తెల్లబారి ఉంటే నీళ్లు కలిసినట్టే.

బ్రీదర్ బాగుంటే ఆయిల్ మట్టం చూడు. ఎండాడలో మీ ఇంటి ముందు వాలులో కుడిపక్కకు ఒరిగి నిలబడుతుంది కదా నీ బండి, అక్కడ మట్టం చూస్తే తప్పు లెక్క వస్తుంది, పైగా రాత్రంతా ఆయిల్ కుడివైపు సీలు మీదే నిలిచి ఉంటుంది. సమతలంలో ఆపి, ఫిల్లర్ రంధ్రం కింది అంచుదాకా మాత్రమే ఉంచాలి. అంతకుమించి పోయడం మేలు చేయదు.

ఇక చక్రం ఆట, అంటే వదులు, సంగతి. చక్రాన్ని జాకీ మీద లేపి, హౌసింగ్ కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట కనిపిస్తే, నీ బండికి ముందు డిస్క్ బ్రేకులే కనుక, మరొకరిని బ్రేకు తొక్కి ఉంచమను. అప్పుడు ఆట మాయమైతే చక్రం నడిమి హబ్ బేరింగులు అరిగినట్టు; అయినా ఉంటే నకిల్ తిరిగే కీలు దగ్గరి కింగ్‌పిన్ బేరింగులు అరిగాయి, నకిల్ పక్కకు జరుగుతూ పెద్ద సీలును నలిపేస్తోంది. షిమ్ములతో, అంటే పలుచని లోహపు రేకులతో, బిగుతు సరిచేయించు. బంతి మీద తుప్పు గుంటలుంటే సన్నని ఎమరీతో రుద్దించు, లేకపోతే కొత్త సీలు పెదవి చిరిగిపోతుంది.

షాఫ్టు బయటికి వచ్చినప్పుడు సీలు తిరిగే చోట గోటితో అడ్డంగా గీకు. గోరు తట్టుకుంటే గాడి పడినట్టే, అక్కడ కొత్త సీలు నిలవదు. సన్నని లోహపు తొడుగు (స్లీవు) వేయించాలి లేదా షాఫ్టు మార్చాలి. చక్రాన్ని మోసే స్పిండిల్ లోపల షాఫ్టును ఆనించే బుష్ అరిగి ఉంటే షాఫ్టు కిందికి వాలి సీలును కోడిగుడ్డు ఆకారంలో అరగదీస్తుంది, దాన్నీ చూడమను. షాఫ్టు తిరిగి పెట్టేటప్పుడు దాని కొననున్న పళ్లకు పలుచని టేపు చుట్టి, చేత్తో పైకి ఆనించి పట్టుకుని నెట్టాలి. తొందరలో ఈడిస్తే ఆ పళ్లే కొత్త పెదవిని కోసేస్తాయి. చాలా షెడ్లలో సీలు చచ్చిపోయేది ఆ అరనిమిషంలోనే.

ఈలోగా అనంతగిరి ఘాటు ఎక్కవద్దు. ఆ తడి బ్రేకు ప్యాడ్లకు తగిలితే దిగేటప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, తడిసిన ప్యాడ్లను కడిగి వాడటం కూడా నాకు ఇష్టం లేదు.

మెకానిక్ దగ్గర పాత సీళ్లు మూడూ ఉంటే ఆదివారం వచ్చేటప్పుడు పట్టుకురా. పెదవి ఒకవైపే అరిగిందా, కోసుకుపోయిందా, ఎండిన తోలులా గట్టిపడిందా, లేక కొత్తదానిలా నిక్షేపంగా ఉందా చూడాలి. నిక్షేపంగా ఉంటే మాత్రం బ్రీదర్ విప్పడానికి స్పానరు నేనే తెస్తాను.

ఇట్లు,
మీ మామయ్య