స్కాటిష్, ఇంగ్లిష్ సహోద్యోగుల వేళాకోళం: కొత్తగా వచ్చినవాళ్లు ఎలా మసలుకోవాలి?

మీరు అడిగింది ఇది: స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో ఉద్యోగంలో చేరబోతున్నారు, టీములో సగం మంది స్కాటిష్, సగం మంది ఇంగ్లిష్, కాల్స్‌లో ఒకరినొకరు తెగ ఆటపట్టించుకుంటున్నారు. అది గొడవా, సరదానా, మీరూ కలవొచ్చా అని.

దాదాపు అంతా సరదానే. బావాబావమరదుల వేళాకోళం లాంటిది, వాళ్లలో వాళ్లకి ఎంత మాటైనా చెల్లుతుంది. మీరూ కలవొచ్చు. కాకపోతే ముందు ఒక అలవాటు మానుకోవాలి.

మన ఇళ్లలో యూకే మొత్తాన్నీ ఇంగ్లండ్ అనేస్తాం. ఎడిన్‌బరాలో నిలబడి "ఇంగ్లండ్ వచ్చి రెండు వారాలైంది" అంటే అవతలి మనిషి నవ్వుతూనే సరిచేస్తారు గానీ, ఆ మాట గుచ్చుకుంటుంది. ఉత్తరాదిలో తెలుగువాళ్లని "మద్రాసీ" అంటే మనకెలా ఉంటుందో అలాగన్నమాట. ఇంగ్లండ్, స్కాట్లాండ్ రెండూ 1603లో ఒకే రాజు కిందికి వచ్చాయి, 1707లో పార్లమెంట్లు కలిశాయి. అయినా స్కాట్లాండ్ చట్టాలు, చదువులు, చర్చి వేరుగానే నిలిచాయి. దేశం మొత్తాన్ని చెప్పాలంటే యూకే అనండి. మనుషులైతే స్కాటిష్. స్కాచ్ అనే మాట విస్కీకి వదిలేయండి. వాళ్ల యాసని అనుకరించకండి, ఎంత చనువున్నా సరే. పిసినారి జోకులు స్కాటిష్ వాళ్లు తమ మీద తామే వేసుకుంటారు, మీరు మాత్రం వేయకండి.

మాట కలపడానికి మంచి సందు రగ్బీ, పైగా అందులో మన వాటా కూడా ఉంది. ఏటా ఆరు యూరప్ దేశాలు ఆడే సిక్స్ నేషన్స్ టోర్నీలో ఈ రెండు జట్లూ ఆడే మ్యాచ్‌కి ఇచ్చేది కలకత్తా కప్పు. 1870లలో కలకత్తాలో ఉన్న బ్రిటిష్ వాళ్ల రగ్బీ క్లబ్బు మూతపడేటప్పుడు, బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి కప్పు చేయించి, 1878లో ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి ఇచ్చారు. మూడు పిడులూ మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879లో దీని కోసం జరిగిన మొదటి మ్యాచ్ డ్రా అయింది. 1988లో మ్యాచ్ అయ్యాక రెండు జట్ల నుంచి చెరొక ఆటగాడూ కలిసి దాన్ని ఎడిన్‌బరా వీధుల్లోకి పట్టుకుపోయి సొట్టలు పడేలా చేశారు. ఈ పోటీ ఎలాంటిదో తెలియడానికి ఆ సొట్టలు చాలు: పగలు కుమ్ముకున్నవాళ్లే రాత్రికి జతకట్టి కప్పు పాడుచేశారు. "ఆ కప్పు మా రూపాయలతో చేసిందే" అని మీరంటే ఇద్దరూ మీవైపు తిరుగుతారు.

మ్యాచ్ సరిసంఖ్య ఏడాదిలో ఎడిన్‌బరాలోని మర్రేఫీల్డ్‌లో, బేసి ఏడాదిలో లండన్ ట్వికెన్‌హామ్‌లో జరుగుతుంది. రెండు దేశాల అభిమానులూ పక్కపక్కనే కూర్చుంటారు, ప్రత్యేకంగా గేట్లుండవు. మ్యాచ్‌కి ముందు స్కాట్లాండ్ పాట వస్తుంది, అది 1314లో బ్యానక్‌బర్న్ దగ్గర ఇంగ్లండ్ రాజుని ఓడించి పంపిన సంగతి. అప్పుడు లేచి నిలబడండి, ఇంగ్లండ్ గీతానికీ అలాగే నిలబడండి. కిక్కు కొట్టేటప్పుడు మాట్లాడకండి, ఏ జట్టు వాడైనా సరే. గోల చేస్తే మీ పక్కవాళ్లే ఊరుకోమంటారు. ఫుట్‌బాల్ వేరు. అక్కడ అభిమానులను విడివిడిగా కూర్చోబెడతారు, మాటలు కూడా మోటుగా ఉంటాయి.

ఆ ఫుట్‌బాల్లోనే ఒక మెలిక ఉంది. ఇంగ్లండ్ వేరే దేశంతో ఆడుతుంటే చాలామంది స్కాటిష్ వాళ్లు ఆ వేరే దేశం పక్షం. స్కాట్లాండ్ ఆడుతుంటే మాత్రం చాలామంది ఇంగ్లిష్ వాళ్లు మనస్ఫూర్తిగా స్కాట్లాండ్ గెలవాలనుకుంటారు. స్కాటిష్ వాళ్లకి ఒళ్లుమండేది అక్కడే, ఎందుకంటే అందులో "పెద్దన్న ఆశీర్వాదం" కనిపిస్తుంది. ఇంగ్లిష్ వ్యాఖ్యాతలు తాము గెలిచిన 1966 ప్రపంచ కప్పు మాట ఎత్తినప్పుడల్లా మీ స్కాటిష్ సహోద్యోగి 1967లో వెంబ్లీలో అదే ఇంగ్లండ్‌ని స్కాట్లాండ్ 3-2తో కొట్టిన సంగతి ఎత్తుతారు. రెండూ విని ఊరుకోండి.

సోమవారం పొద్దున ఓడినవాళ్లని మొదట పలకరించేది మీరు కాకూడదు. 2025 కలకత్తా కప్పు మ్యాచ్‌లో స్కాట్లాండ్ మూడు ట్రైలు (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనించడం) చేసి, వాటి తర్వాత అదనపు పాయింట్ల కోసం కొట్టే కిక్కులు, అంటే కన్వర్షన్లు, మూడూ పోగొట్టుకుని, 16-15తో ఓడింది. అలాంటి మ్యాచ్ తర్వాత వాళ్లే ఎత్తేదాకా ఆగండి. ఇక నిజంగా నొప్పి ఉన్నవి రెండు: యూకే నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా అని 2014లో జరిగిన స్వాతంత్ర్య రెఫరెండం, 1989లో ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే స్కాట్లాండ్ మీద వేసిన పోల్ ట్యాక్స్ (తలకింత అని వేసిన పన్ను). రెఫరెండంలో దాదాపు 55 శాతం వద్దన్నారు, 45 శాతం కావాలన్నారు. ఒకే ఇంట్లో రెండు పక్షాలున్న చోట్లున్నాయి కాబట్టి మీరుగా అడగకండి.

తిండి మీద ఎంతైనా వాదించుకోవచ్చు. స్కాటిష్ పద్ధతి పారిజ్‌లో ఓట్స్, నీళ్లు, ఉప్పు, అంతే. పాలు, పంచదార వేస్తే "అది ఇంగ్లిష్ పద్ధతి" అని దెప్పుతారు. ఒక గిన్నె ఓట్స్‌కి మూడు గిన్నెల నీళ్లు, సన్నని సెగ, చెయ్యి ఆపకుండా కలపాలి, లేకపోతే అడుగంటి ఉండలు కడుతుంది. కలిపే కర్రని స్పర్టిల్ అంటారు, గరిటెలా వెడల్పు ఉండదు, అందుకే ఉండ కట్టనివ్వదు. రాగి జావలో ఉప్పు వేసుకుని తాగేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఆ మాట వాళ్లకి చెప్పండి, స్కాటిష్ వైపు ఒక ఓటు పడినట్టే.

చివరిగా నోట్లు. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు అచ్చువేస్తాయి. అవి పౌండ్లే, విలువా అంతే. కానీ లండన్‌లో చిన్న దుకాణాలవాళ్లు ఒక్కోసారి ఎగాదిగా చూసి వద్దంటారు, ఇంగ్లిష్ సహోద్యోగులు దాన్నే పట్టుకుని ఆడిస్తారు. "ఇది చట్టబద్ధమైన నోటు, తీసుకోవాల్సిందే" అని వాదించకండి. చట్టం లెక్కన ఆ మాట నిలవదు, ఏ నోటునైనా దుకాణంవాళ్లు వద్దనొచ్చు. కార్డుతో కట్టేయండి, లేదా దక్షిణానికి రైలెక్కే ముందే వాటిని మీ బ్యాంకు ఖాతాలో వేసేసి, అక్కడి ఏటీఎంలో తీసుకోండి.