పదకొండు లైకుల సంగతి

తమ్ముడికి,

నీ మెసేజ్ చూశాను. కథకు మూడు వారాలు పట్టిందనీ, ఫేస్‌బుక్‌లో పోస్ట్ చేస్తే పదకొండు లైకులు వచ్చాయనీ, వాటిలో నాలుగు చుట్టాలవేననీ రాశావు. నవ్వొచ్చింది, ఏమనుకోకు. నా మొదటి పోస్టుకు చుట్టాలు కూడా రాలేదు.

కథ బాగుంది. దాని పైన నువ్వు పెట్టిన పరిచయమే నచ్చలేదు. ‘గుండె లోతుల్లోంచి పొంగిన అక్షరాలు, చదివి ఆశీర్వదించండి’ అన్నావు. అది నీ మాట కాదు, ఎక్కడో చదివి అంటించుకున్నది. కథలో తాళంచెవి పోగొట్టుకున్నవాడు, లేదని తెలిసి కూడా అదే జేబు మూడోసారి తడుముకుంటాడు చూడు, అది నీది. పోస్టు అక్కడ మొదలవ్వాల్సింది. ఫోన్‌లో పొడుగు పోస్టు మొత్తం ఒకేసారి కనబడదు. మొదటి కొన్ని లైన్లు చూపించి ‘సీ మోర్’ అంటుంది. ఉన్న ఆ కాస్త జాగాలో నువ్వు దణ్ణాలు పెడుతూ కూర్చున్నావు.

‘నిజాయితీగా రాయి’ అని అందరూ చెబుతారు. అంటే ఇంట్లో గొడవలన్నీ తెచ్చి గోడ మీద ఆరేయమని కాదు. ఒకప్పుడు ఎక్కడ చూసినా నాన్నను తలచుకుని కన్నీళ్లు పెట్టుకునే పోస్టులే. వాటికి వేలల్లో లైకులు. నేనూ ఒకటి రాశాను. గొడుగు నాకిచ్చి తాను వానలో తడిసిన నాన్న, నేను నిద్రపోయేదాకా తల నిమిరిన నాన్న. మా నాన్న అలాంటి మనిషే కాదు. మాట తక్కువ, విసుగెక్కువ. పోస్టు మాత్రం బ్రహ్మాండంగా తిరిగింది. నాలుగో రోజు మా అక్క ఫోన్ చేసి, ‘ఎవర్రా ఆ నాన్న?’ అంది. సిగ్గేసి తీసేశాను.

రెండేళ్ల తర్వాత అసలు నాన్న గురించి రాశాను. రేడియో విప్పుతుంటే పక్కన కూర్చున్నందుకు కసిరేవాడు, కసురుతూనే స్క్రూలు నా అరచేతిలో పోసి పట్టుకోమనేవాడు. అంతే కథ. మొదటిదానికి వచ్చిన లైకుల్లో పదో వంతు కూడా రాలేదు. కానీ కింద జనం వాళ్ల వాళ్ల నాన్నల గురించి పేరాలకు పేరాలు రాశారు. అందులో ముగ్గురు ఇప్పటికీ నేనేం రాసినా చదువుతారు, బాగా లేకపోతే తిడతారు కూడా.

రీచ్ గురించి, అంటే పోస్టు ఎంతమందికి కనబడుతుందో దాని గురించి అడిగావు. దాని కిటుకులన్నీ తెలుసనేవాళ్లను నమ్మకు, వాళ్లు నేర్చుకునేలోపే అవి మారిపోతాయి. ‘నచ్చితే లైక్ కొట్టండి, ముగ్గుర్ని ట్యాగ్ చేయండి’ అని అడుక్కునే పోస్టులను కిందికి తోసేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే చెప్పింది. నువ్వింకా అదే రాస్తున్నావు. మరుసటి నెలలో, మనుషుల మధ్య మాటలు పుట్టించే పోస్టులకు పెద్దపీట వేస్తామంది. వినడానికి బాగానే ఉంది కానీ, మాటలు పుట్టించడానికి దగ్గరి దారి కోపం. ఎవరినో తిట్టి చూడు, కామెంట్లు నిండిపోతాయి. వాళ్లంతా గొడవ చూడ్డానికి వచ్చినవాళ్లు, నీ తర్వాతి కథకు ఒక్కడూ ఉండడు.

ఎక్స్‌లో, అదే పాత ట్విట్టర్‌లో, రాస్తే లెక్క చూసుకో. 2017 నుంచి అక్కడ మామూలు పోస్టుకు 280 అక్షరాలే. మన ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. కాబట్టి విశేషణాలు ముందుగా పోతాయి. పోనీ, మంచిదే.

వేరేవాళ్ల పోస్టుల దగ్గరికీ వెళ్తుండు. ‘సూపర్’ అని వచ్చేయకు, ఏ వాక్యం దగ్గర ఆగిపోయావో చెప్పు. కింద నీ లింకు మాత్రం అతికించకు. పెళ్లికి వెళ్లి విజిటింగ్ కార్డులు పంచినట్టుంటుంది. ఇంకోటి, రాసినదానికల్లా నీ దగ్గర ఒక కాపీ ఉంచుకో. ఫేస్‌బుక్ లాంటివే ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. అవీ ఎప్పటికీ ఉంటాయనే అనిపించేది.

నీ కథ కింద మూడో కామెంట్ చూశావా? ‘తాళంచెవి చివరికి దొరికిందా, లేక దొరికినట్టు నటించాడా?’ అని అడిగిందావిడ. కథను అంత దగ్గరగా చదివిన మనిషికి నువ్వు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నావు. ఐదు రోజులైంది. నాకు తర్వాత రాద్దువుగాని, ముందు ఆవిడకు జవాబివ్వు.

ఉంటాను,
అన్న