మిషన్ ముందు కూర్చుంటే కాలు ఆడడం లేదు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది ప్రొద్దుటూరు. ఇంట్లోనే లేడీస్ టైలరింగ్ చేస్తాను. నాకు 38 ఏళ్లు. మా ఆయనది బంగారు పని, ఈమధ్య పనులు బాగా తగ్గినాయి. మా అత్త జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయినా ఇంకా మంచం మీదే ఉంది. పాప పదో తరగతి. డ్వాక్రా కంతు కట్టాలి. పెళ్లిళ్ల సీజన్ కదా అని వచ్చిన గుడ్డలన్నీ తీసుకున్నాను. ఇప్పుడు బీరువా పక్కన సంచులు కుప్ప పడినాయి. మిషన్ ముందు కూర్చుంటే కాలు ఆడదు. ఏది ముందు కుట్టాలో తెలీక లేచిపోయి గిన్నెలు తోముతా. కస్టమర్ ఫోన్ మోగితే గుండె దడ, ఎత్తడమే మానేశాను. రాత్రి అందరూ పడుకున్నాక ఒంటిగంట దాకా ఫోన్ చూస్తా ఉంటాను. 'నీకు బద్ధకం ఎక్కువైంది' అంటారు మా ఆయన. ఇన్నేళ్లుగా కుడుతున్నా, ఎప్పుడూ ఇట్లా లేను. నాకేమైందమ్మా?
- ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, 'ఏది ముందు కుట్టాలో తెలీక లేచిపోయి గిన్నెలు తోముతా' అన్నారు చూడండి, మీ సమస్య అంతా ఆ మాటలోనే ఉంది. బద్ధకం ఉన్న మనిషి గిన్నెల దగ్గరికీ పోదు. మీ చేతుల్లో ఓపిక ఉంది. గిన్నెల దగ్గర తేల్చుకోవాల్సిందేమీ లేదు, చేతికి అందిన గిన్నె తోమేయొచ్చు. సంచుల దగ్గర అట్లా కుదరదు. ఏ సంచి విప్పినా ఇంకొకరికి మాట తప్పినట్టే అనిపిస్తుంది. ఎప్పటికి ఇస్తారో తేల్చకుండా వదిలేసిన ఆ మాటలన్నీ కలిసి మీ కాలు పట్టుకున్నాయి. ఈ నాలుగు ముక్కలూ మీ ఆయనకు కూడా చదివి వినిపించండి.

మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి చాలా తక్కువ. నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటిదాకా జరిగిన పరిశోధనలు చూసి 2001లో సుమారు నాలుగు అని లెక్క చెప్పారు. మీ తలలో ఏమేం తిరుగుతున్నాయో ఒకసారి చూడండి. అత్తగారి మందుల వేళలు, పాప పరీక్షలు, కంతు తేదీ, ఎవరికి ఏ రోజు ఇస్తానన్నారో, ఎవరు వెనక మెడ ఎంత లోతు పెట్టమన్నారో. ఇక కుట్టడానికి తలలో చోటెక్కడిది?

బ్లూమా జైగార్నిక్ అనే ఆమె బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలను 1927లో ప్రచురించింది. పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆపిన పనులే ఎక్కువగా గుర్తుంటాయని అందులో తేల్చింది. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. మీకు నేరుగా పనికొచ్చేది 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చూపించిన సంగతి. పూర్తికాని పని మనసులో దూరి, చేస్తున్న పనిని కూడా చెడగొడుతుంది. కానీ దాన్ని ఎప్పుడు, ఎట్లా చేస్తామో స్పష్టంగా తేల్చుకున్నవాళ్లకు, పని ఇంకా అట్లే ఉన్నా, ఆ పీకులాట తగ్గింది. అంటే సంచులన్నీ ఖాళీ అయ్యేదాకా మీరు ఆగక్కర్లేదు. ప్రతి సంచికీ ఒక తేదీ పడితే తల తేలికవడం మొదలవుతుంది.

రేపు పాప బడికి పోయాక మిషన్ జోలికి పోకండి. సంచులన్నీ తెచ్చి చాప మీద విప్పండి. కటింగ్ అయినవి ఒక పక్క, కత్తెర పడనివి ఇంకో పక్క. కటింగ్ అయినవి మీరే పూర్తి చేయాలి, వేరే దారి లేదు. కత్తెర పడని గుడ్డ మాత్రం తిరిగి ఇచ్చేయొచ్చు. ఈ మాట అంటే కడపలో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చాలామంది ఉలిక్కిపడతారు. ఒప్పుకున్న పని వెనక్కి ఇస్తే పరువేమవుతుంది అంటారు. పెళ్లి ముందు రోజు రాత్రి దాకా ఆశపెట్టి లేదనడం కంటే, ఇంకా రోజులు ఉండగానే గుడ్డ చేతికిచ్చి 'ఫలానా ఆమె బాగా కుడుతుంది, అక్కడ ఇవ్వండి' అనడమే మర్యాద. ఎన్ని వెనక్కి ఇవ్వాలో మీకే తెలుస్తుంది, కానీ ఒక్కటీ ఇవ్వను అని మాత్రం అనుకోవద్దు.

మిగిలిన ప్రతి గుడ్డకూ చీటీ రాసి గుండుసూదితో గుచ్చండి. పేరు, ఇచ్చే తేదీ, ఇంకా ఏం మిగిలింది, అంతే. తేదీలు వేసేటప్పుడు మీ మంచి రోజుల లెక్క వేయొద్దు. రోజుకు నాలుగు లైనింగ్ జాకెట్లు కుట్టేదాన్ని అనుకుంటే ఇప్పుడు రెండే వేసుకోండి. మంచం మీదున్న మనిషిని చూసుకోవడం సగం రోజు పని. దాన్ని లెక్కలో కలపకుండా ఇచ్చిన తేదీలే మిమ్మల్ని ఇంత దూరం తెచ్చాయి.

ఆ చీటీలు ముందు పెట్టుకుని ఫోన్లు మీరే చేయండి. వాళ్లు చేసేదాకా ఆగొద్దు. అత్తగారి సంగతి, ఇంటి ఇబ్బందులు అన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదు. 'అక్కా, మీ జాకెట్లు వచ్చే సోమవారం సాయంత్రం ఇస్తా, కచ్చితం' అంటే చాలు. ఒకరిద్దరు కోప్పడతారు. పడనివ్వండి, అది రెండు నిమిషాల కోపం. ఫోన్ ఎత్తకపోతే ఆ పూటకు ఊరటగానే ఉంటుంది. మర్నాటికి అదే ఫోన్ ఇంకా పెద్ద భయంగా తయారవుతుంది.

ఇక హుషారు సంగతి. మనసు పుట్టినప్పుడు కుడదాం అని మీరు ఎదురుచూస్తున్నట్టున్నారు. అది ముందుగా రాదమ్మా. అమెరికాలో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వవేత్త 1970లలో డిప్రెషన్‌లో ఉన్నవాళ్లతో పనిచేస్తూ ఈ విషయం మీదే దృష్టి పెట్టారు. మనసు బాగుపడేదాకా ఆగకుండా, కాస్త ఫలితం కనబడే చిన్న పనులు ముందు మొదలుపెట్టించారు. ఇప్పుడు దాన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు, డిప్రెషన్‌కు గట్టి ఆధారాలున్న చికిత్సల్లో అదొకటి. చేతులు ముందు కదిలితే మనసు వాటి వెనక వస్తుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇది ఎంతోమందికి పనిచేయడం కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అందుకే మొదటి వారం కటింగ్ ముట్టుకోవద్దు. కటింగ్‌కు తల స్థిమితంగా ఉండాలి, కత్తెర తప్పితే గుడ్డ పోతుంది, ఆ టెన్షన్ ఇప్పుడు మీకొద్దు. కాజాలు, హుక్స్, హెమ్మింగ్, చీరల ఫాల్ లాంటివి, ఇంకొంచెం పడితే అయిపోయేవి ముందు తీయండి. అవి మడతపెట్టి ఇచ్చేస్తే కుప్ప తగ్గుతుంది, కంతుకు డబ్బులూ చేతికొస్తాయి. రాత్రి పడుకునే ముందు మర్నాడు కుట్టబోయే గుడ్డకు సరిపోయే దారం ఎక్కించి, బాబిన్ నింపి, గుడ్డ ఫుట్ కింద పెట్టి వదిలేయండి. పొద్దున కూర్చున్నాక ఆలోచించాల్సింది ఏదీ మిగలకూడదు, కాలు ఆడించడమే. బొత్తిగా ఓపిక లేని రోజు ఒక్క చెయ్యి అతికించి లేవండి. ఆ రోజుకు అది చాలు.

రాత్రి ఫోన్ చూడటం గురించి తిట్టను. రోజంతా ఎవరో ఒకరు మిమ్మల్ని పిలుస్తూనే ఉంటారు, ఎవరూ ఏమీ అడగని సమయం మీకు అదొక్కటే. ఆ సమయం మీకు కావాలి. కాకపోతే నిద్ర మానుకుని తెచ్చుకోవద్దు, సాయంత్రం అందరికీ చెప్పి తీసుకోండి. అరగంట అమ్మవారిశాలకు పోయి కూర్చుని రండి. పడుకునే ముందు ఫోన్ బదులు నోట్‌బుక్ తీసి, రేపు చేయాల్సినవి ఐదు నిమిషాలు రాయండి. 2018లో బేలర్ యూనివర్సిటీలో మైఖేల్ స్కల్లిన్ బృందం 57 మందిని పరీక్షించింది. రేపటి పనులు రాసి పడుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది.

మీ ఆయనతో 'నాకు కాస్త సాయం చేయొచ్చు కదా' అనొద్దు, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. పనులు తగ్గి ఆయనకు కొంత తీరిక ఉంది కాబట్టి పని పేరు పెట్టి అడగండి: 'రాత్రి మందులు వేయడం, అత్తను లేపి కూర్చోబెట్టడం ఇకమీదట మీ వంతు.' ఆమె ఆయన కన్నతల్లి. పనులు లేక ఆయన మనసూ బాగుండకపోవచ్చు, ఆ విసుగే బద్ధకం అనే మాటగా బయటికి వస్తుండొచ్చు. అది కూడా ఒకరోజు నెమ్మదిగా అడగండి. పాప మీద మాత్రం ఈ ఏడాది ఇంటి పనులు వేయొద్దు.

ఇంకొకటి, దీన్ని వాయిదా వేయకండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న మనిషికి ఎంత ధైర్యం చెప్పినా కాళ్లలోకి బలం రాదు. అలాగే, దిగులు గానీ దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే, నిద్ర, ఆకలి దెబ్బతింటే మానసిక వైద్యులను కలవాలి. బతికి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. నాన్న వేరుశనగ వేసి, అప్పు చేసి డబ్బు పంపుతున్నారు. నా దగ్గర మూడు కోచింగ్ సెంటర్ల మెటీరియల్, లెక్కలేనన్ని టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు ఉన్నాయి. పుస్తకం తెరవగానే ఇంకా ఎంత మిగిలిందో గుర్తొచ్చి మూసేస్తాను.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నాయనా, ఒక్కో సబ్జెక్టుకు ఒక్క పుస్తకం ఉంచుకుని మిగతా మెటీరియల్ స్నేహితులకు ఇచ్చేయండి. పీడీఎఫ్‌లు తీసేయండి. వాటిలో ఏదో ముఖ్యమైంది పోతుందేమో అనే భయం రెండు రోజులు ఉంటుంది, తర్వాత పోతుంది.

చదివే పద్ధతి కూడా మార్చండి. పాఠం ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే ఇట్లా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చదివిన వెంటనే పరీక్ష పెడితే మాత్రం తిరగచదివినవాళ్లే మెరుగు, అందుకే చాలామంది తిరగచదవడాన్నే నమ్ముకుంటారు. ఈ పద్ధతిలో మీకు ఇంకో లాభం ఉంది. ఎంత మిగిలింది అని కాకుండా ఈరోజు ఎంత వచ్చింది అన్నది కాగితం మీద కళ్లకు కనబడుతుంది. రూమ్‌లో ఒంటరిగా కూర్చోకుండా జిల్లా గ్రంథాలయానికి పోండి, ఫోన్ రూమ్‌లోనే వదిలి పోండి.

నాన్న అప్పు గురించి మీరు ఎక్కువ రాయలేదు గానీ, పుస్తకం తెరిచిన ప్రతిసారీ అదే గుర్తొస్తోందని నాకనిపిస్తోంది. మొత్తం అప్పు ఎంతో, ఇంకా ఎన్నాళ్లు పంపగలరో ఆయన్నే అడగండి. మీరు ఏ పరీక్ష దాకా ప్రయత్నిస్తారో, అది కాకపోతే ఏ ఉద్యోగం చూసుకుంటారో చెప్పండి. ఫోన్‌లో చెప్తే ఆయన 'అవన్నీ నీకెందుకు, చదువుకో' అని పెట్టేస్తారు. ఈ ఆదివారం ఊరికి పోయి ఎదురుగా కూర్చుని అడగండి.