టెక్ సందేహాలు: ఛానెల్ మీదే, తాళాలు ఎవరి బొడ్లో ఉన్నాయి?

సంక్రాంతి పోయిన దగ్గర్నుంచి ఈ శీర్షికకి వస్తున్న మెయిళ్లలో సగం వ్యాపారం వీడియోల గురించే. రీల్ ఎలా తీయాలని అడిగేవాళ్లు ఇప్పుడు లేరు, అది మా వీధిలో ఎనిమిదో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు. అడిగేవన్నీ తీసిన తర్వాత చుట్టుకున్న తలనొప్పులే. ముందు వాళ్ల మెయిల్, దాని కింద నా జవాబు.

మాది ఆత్రేయపురం దగ్గర. ఇంట్లో పూతరేకులు చుట్టి అమ్ముతాం. మూడేళ్ల క్రితం బంధువుల కుర్రాడు యూట్యూబ్ ఛానెల్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టాడు. బాగానే నడిచాయి. ఇప్పుడతను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు, ఫోన్ ఎత్తడం లేదు. పాస్‌వర్డ్ మా దగ్గర లేదు. ఛానెల్ మాదే కదా, యూట్యూబ్ వాళ్లకి రాస్తే ఇప్పిస్తారా? (వీడియోలు అతని ల్యాప్‌టాప్‌లోకి మా వాట్సాప్ నుంచే ఎక్కించుకునేవాడు.)

ఇప్పించరండీ. పేరు మీది, బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ పరిచే చేతులు మీవి. కానీ యూట్యూబ్ లెక్కలో ఆ ఛానెల్ ఏ జీమెయిల్‌తో తెరిచారో ఆ జీమెయిల్ వాళ్లది. ఇదే కథ నాకు కాజాల వాళ్లు రాశారు, కొబ్బరి పీచు వాళ్లు రాశారు, చీరల వాళ్లు రాశారు. ఊరి పేరు మారుతుంది, కుర్రాడు మారడు.

ముందు వాళ్ల అమ్మగారి చేత ఫోన్ చేయించండి. మన ఊళ్లలో అంతకు మించిన కస్టమర్ కేర్ లేదు. దొరికాక పాస్‌వర్డ్ మాత్రం అడక్కండి. అది అతని సొంత జీమెయిల్ అయితే అందులో అతని ఫొటోలు, బ్యాంకు మెయిళ్లు అన్నీ ఉంటాయి, ఇవ్వకపోవడమే న్యాయం. ఛానెల్ 'బ్రాండ్ అకౌంట్' కింద, అంటే ఒకరికి మించి నడపగలిగే ఖాతా కింద, ఉందేమో చూడమనండి. ఉంటే మిమ్మల్ని ఓనర్‌గా చేర్చవచ్చు, ఏడు రోజులు గడిచాక మిమ్మల్నే ప్రైమరీ ఓనర్‌గా మార్చవచ్చు. లేకపోతే యూట్యూబ్ స్టూడియోలో సెట్టింగ్స్, అందులో పర్మిషన్స్‌కి వెళ్లి మీ జీమెయిల్‌ని మేనేజర్‌గా చేర్చమనండి. ఆ పూటకి వీడియో పెట్టుకోవడానికి అది చాలు, తీరిగ్గా బ్రాండ్ అకౌంట్‌లోకి మార్పించుకోవచ్చు.

కొత్తగా పెట్టేవాళ్లు దీన్ని తిరగేసి చేయాలి. షాపుకి ఒక జీమెయిల్, దానికి మీ నంబరు. వీడియోలు చేసే కుర్రాడిని అదే పర్మిషన్స్‌లో 'ఎడిటర్'గా చేర్చండి. అతను తన సొంత మెయిల్‌తోనే లోపలికి వస్తాడు, మానేసిన రోజు మీరే తీసేస్తారు, మొహమాటం ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ పేజీకైతే దాని యజమాని మెటా ఇచ్చే 'బిజినెస్ సూట్' ద్వారా ఇలా మనుషుల్ని చేర్చవచ్చు.

ఇక్కడితో ఆపేసేవాణ్ని. కానీ బ్రాకెట్లలో రాసిన ఆ చివరి వాక్యం చదివాక నాకు టెన్షన్ మొదలైంది. వాట్సాప్ నుంచి ఎక్కించుకున్నాడంటే మీ ఫోన్‌తో తన ల్యాప్‌టాప్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాడన్న మాట. అలా ఒక ఫోన్‌కి నాలుగు పరికరాల దాకా కలపవచ్చు. కలిపాక మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అక్కడ మెసేజ్‌లు కనిపిస్తాయి. అతను ఆ ల్యాప్‌టాప్ అప్పుడప్పుడూ వాడుతున్నంత కాలం మీ కస్టమర్ల అడ్రసులు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, మీ ఇంటి సంగతులు అన్నీ అందులోకి దిగుతూనే ఉండవచ్చు. కుర్రాడు మంచివాడే కావచ్చు. రేపు ఆ ల్యాప్‌టాప్‌ని సెకండ్ హ్యాండ్‌కి అమ్మేస్తే కొన్నవాడు ఎవడో మనకేం తెలుసు? ఇప్పుడే వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరవండి. మీరు గుర్తుపట్టనిది ఏది కనిపించినా లాగౌట్ చేయండి. నేను ఈమధ్య ఒక పెళ్లిలో నలుగురు షాపుల వాళ్ల ఫోన్లు తీసుకుని చూశాను, ఇద్దరి ఫోన్లలో వాళ్లకే తెలియని కంప్యూటర్లు ఉన్నాయి. ఒకాయనకి అది పాత గుమస్తాదని అక్కడికక్కడే గుర్తొచ్చింది, భోజనం సహించలేదు.

వీడియో ఎడిటర్‌కి పంపడానికి ఇలా కంప్యూటర్‌కి కలిపే వాట్సాప్ వెబ్ అక్కర్లేదు. మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుందనే కదా ఈ గొడవంతా? వీడియోని 'డాక్యుమెంట్'గా జతచేసి పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.

భీమవరంలో రొయ్యల చెరువుల నీటికి గాలి పట్టించే ఏరేటర్లు అమ్మి, రిపేరు చేస్తాం. మా ఛానెల్‌కి ముప్పై వేల మంది సబ్‌స్క్రైబర్లు. ఒక విదేశీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటన ఇస్తామని మెయిల్ పెట్టింది. కాంట్రాక్టు జిప్ ఫైల్‌గా పంపారు, దాని పాస్‌వర్డ్ కూడా మెయిల్‌లోనే ఇచ్చారు. ఫోన్‌లో తెరుచుకోలేదంటే కంప్యూటర్‌లో తెరవమన్నారు. నాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది. తెరవవచ్చా?

వద్దు. ఇది చదివేలోపు తెరిచేసి ఉంటే ఆ కంప్యూటర్‌కి ముందు నెట్ తీసేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాడికి ఏరేటర్లు కొనే రైతులతో పనేంటి? ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే నాకు ఈ మెయిల్ రాసేవారు కాదు. వాళ్లకి కావలసింది మీ ప్రేక్షకులు కాదు, ముప్పై వేల మంది ఉన్న ఛానెల్.

జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెట్టారో చూడండి. తాళం వేసిన పెట్టెలో ఏముందో మెయిల్ సర్వీసులోని వైరస్ తనిఖీకి కనపడదు. తాళంచెవి మాత్రం మీ చేతిలో పెట్టారు, అంటే లోపలున్న దొంగని మీ చేతే బయటికి రప్పిస్తున్నారు. ఫోన్‌లో తెరుచుకోకపోవడానికి కారణం అది డాక్యుమెంట్ కాదు, కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్. తెరవగానే బ్రౌజర్‌లో దాచి ఉండే 'కుకీ'లను ఎత్తుకుపోతుంది. మన వైపు ఎగ్జిబిషన్‌కి వెళ్తే టికెట్ చూసి చేతి మీద ముద్ర వేస్తారు చూశారా, బయటికెళ్లి మళ్లీ వస్తే ముద్ర చూసి వదిలేస్తారు, టికెట్ అడగరు. కుకీ ఆ ముద్ర లాంటిది. దొంగ ఆ ముద్రనే తన చేతి మీద అచ్చు దింపుకుంటాడు. పాస్‌వర్డ్ అడగరు, ఓటీపీ అడగరు, ఆల్రెడీ లోపలున్న మీరే అనుకుంటారు. మీరు ధీమాగా చెప్పిన టూ స్టెప్ వెరిఫికేషన్ గేటు దగ్గర కాపలా కాస్తూనే ఉంటుంది, దొంగ దాన్ని దాటి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. అలాగని దాన్ని తీసేయకండి, మిగతా తొంభై రకాల దొంగలకి అది కావాలి.

ఇది నా ఊహ కాదు. 2021 అక్టోబర్‌లో గూగుల్ భద్రతా విభాగం ఈ తరహా దాడి గురించి వివరంగా రాసింది. కాజేసిన ఛానెళ్ల పేరు, బొమ్మ మార్చి, క్రిప్టో కరెన్సీ పేరుతో లైవ్ పెట్టి జనాన్ని మోసం చేసేవారు. లేదా ఛానెల్‌నే అమ్మేసేవారు, సబ్‌స్క్రైబర్లను బట్టి 3 డాలర్ల నుంచి 4,000 డాలర్ల దాకా. మీరు కొన్నేళ్ల పాటు చెరువు గట్ల మీద తిరిగి తీసిన వీడియోల ధర అది.

నాకు అసలు కోపం దొంగల మీద కాదు. ఫైలు పేరు చివర ఉండే తోకను చూపించకుండా దాచేసే కంప్యూటర్ల మీద. ఆ దొంగ ఫైలు అసలు పేరు 'కాంట్రాక్ట్.పీడీఎఫ్.ఎస్‌సీఆర్' అనుకోండి. చివరి తోక చూస్తే ఇది పీడీఎఫ్ కాదు, ప్రోగ్రామ్ అని ఎవరికైనా అనుమానం వస్తుంది. కంప్యూటర్ ఆ తోక కోసేసి 'కాంట్రాక్ట్.పీడీఎఫ్' అని చూపిస్తుంది, పక్కన పీడీఎఫ్ బొమ్మ దొంగే పెట్టుకుంటాడు. తెర శుభ్రంగా కనిపించాలని ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయం ఇది. ఇన్నేళ్లలో ఎన్ని అప్‌డేట్లు వచ్చాయి! మెనూలు గుండ్రంగా చేశారు, వాతావరణం చూపించారు, అడగని సహాయకుడిని తెచ్చి మూల కూర్చోబెట్టారు. ఈ ఒక్కటి మాత్రం డిఫాల్ట్‌గా అలాగే వదిలేశారు. ఫోల్డర్ 'వ్యూ' సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ తోకలు, అంటే ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా టిక్ పెట్టుకోండి.

ఇప్పటికే తెరిచి ఉంటే ఆ కంప్యూటర్‌ని నమ్మకండి. ఫోన్ నుంచి గూగుల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైనౌట్ చేయండి. దొంగ రికవరీ నంబరు మార్చేసినా కంగారుపడకండి. మార్చిన తర్వాత ఏడు రోజుల దాకా పాత నంబరుకో పాత మెయిల్‌కో కోడ్ పంపే వీలు గూగుల్ ఇస్తుంది, కాబట్టి ఆ వారం దాటనివ్వకండి. కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయించాకే మళ్లీ లాగిన్ అవ్వండి.

ఇంకో మాట. యూట్యూబ్ అధిపతి మాట్లాడుతున్నట్టు కృత్రిమ మేధతో తయారు చేసిన దొంగ వీడియోని ప్రైవేట్ వీడియోగా షేర్ చేసి వల వేస్తున్నారని 2025 మార్చిలో ఆ సంస్థే హెచ్చరించింది. తాము ప్రైవేట్ వీడియోల ద్వారా ఎవరినీ సంప్రదించబోమని కూడా చెప్పింది. పెద్దాయన స్వయంగా భీమవరం షాపుకి వీడియో పంపాడంటే మురిసిపోకండి.

తాపేశ్వరం. కాజా తయారీ వీడియోలు పెడుతున్నాం. ఎప్పటికి డబ్బులు వస్తాయి? ఒకతను ఐదొందలకి పదివేల వ్యూస్ ఇప్పిస్తానంటున్నాడు.

ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వాళ్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. గంటల బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ వచ్చినా సరే. చెప్పాను కదా, ఇక మర్చిపోండి. మీరు అమ్మేది కాజాలా, వ్యూసా? కొన్న వ్యూస్ నిబంధనలకి విరుద్ధం, పైగా ఆ పదివేల మందిలో ఒక్కరూ పావుకేజీ కొనరు. మీ వీడియోల కింద 'రాజమండ్రికి పంపుతారా' అని నలుగురు అడిగారు, జవాబు లేదు. ఆ ఐదొందలు పార్సిల్ డబ్బాలకి పెట్టండి.

కడియం నర్సరీ మాది. వీడియోలో పువ్వు రంగు చూసి కొంటున్నారు, మొక్క వెళ్లాక 'ఇది ఆ రంగు కాదు' అని గొడవ.

గొడవపడేవాళ్ల తప్పు లేదు. ఇప్పటి ఫోన్ కెమెరాలు ఉన్నది తీయవు, తమకి నచ్చింది తీస్తాయి. ఎరుపుని మండిస్తాయి, ఆకుపచ్చని ప్లాస్టిక్ చేస్తాయి. లేత గులాబీ రంగు ముద్దబంతి ఎక్కడైనా చూశారా? నేను చూశాను, ఫోన్‌లో. 'వివిడ్', 'ఏఐ', 'బ్యూటీ' అని కనిపించేవన్నీ ఆపేయండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూసుకోండి, కొన్ని ఫోన్లు మీ మాట మర్చిపోయి తమ మాటకి వెళ్లిపోతాయి. ఎండలో కాకుండా ఉదయం నీడలో తీయండి. ఫోన్ తెర మీద పువ్వు ఉన్నచోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు అక్కడే ఆగిపోతాయి. పువ్వు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. కాగితం వీడియోలో పసుపుగానో నీలంగానో కనిపిస్తే పువ్వు రంగూ అబద్ధమే.

అమలాపురంలో బట్టల షాపు. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో సినిమా పాట మ్యూట్ అయింది.

బిజినెస్ ఖాతాలకి ఆ పాటల లైబ్రరీ మొత్తం ఉండదు, వ్యాపారానికి వాడుకునే హక్కు వేరు. పర్సనల్ ఖాతాకి మారిపోతే సరి అని సలహా ఇచ్చేవాళ్లని నమ్మకండి. యూట్యూబ్‌లో అయితే 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. హక్కుల గొడవ లేని సంగీతం యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో, మెటా సౌండ్ కలెక్షన్‌లో దొరుకుతుంది. అసలు పాటెందుకండీ, కొత్త చీర మడత విప్పేటప్పుడు వచ్చే చప్పుడు వినిపించండి.

నరసాపురం దగ్గర లేసు అల్లే ఆడవాళ్లం పదిమందిమి కలిసి అమ్ముతున్నాం. మా వీడియోలే దింపుకుని, మా పేరుతోనే ఇంకో పేజీ పెట్టి, వేరే నంబరిచ్చి ఎవరో అడ్వాన్సులు తీసుకుంటున్నారు. పోగొట్టుకున్నవాళ్లు మమ్మల్ని తిడుతున్నారు. ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు ముద్ర కూడా వాడి పేజీలో ఉంది.

అమ్మా, నరసాపురం లేసుకి 2024లో జీఐ వచ్చింది నిజమే గానీ ఆ బొమ్మని పేజీ మీద ఎవరైనా అతికించుకోవచ్చు, దాన్ని నమ్మొద్దని మీ కస్టమర్లకి మీరే చెప్పాలి. పోగొట్టుకున్నవాళ్లని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది. దొంగ పేజీని రిపోర్ట్ చేసేటప్పుడు 'స్పామ్' అని కాకుండా మీలా నటిస్తున్నారనే కారణం ఎంచుకోండి. పదిమందీ చేయండి. వీడియోలు మీవని చూపించి కాపీరైట్ ఫిర్యాదు విడిగా పెట్టండి, అసలు ఫైళ్లు ఫోన్‌లో ఉంచుకోండి.

ఇకపై పేరు, నంబరు వీడియో మూలన వేయకండి, మూల కత్తిరించడం క్షణం పని. అల్లిక మీదుగా, మధ్యలో పలచగా వేయండి. ఇంకా మంచిది, నంబరు నోటితో చెప్పండి. డబ్బు పంపేటప్పుడు యూపీఐలో ఏ పేరు కనిపించాలో కూడా చెప్పండి, వేరే పేరు వస్తే పంపొద్దనండి.

మీరు మెయిల్ కింద ఇచ్చిన నంబరే వీడియోల్లోనూ ఉంది. బ్యాంకుకీ అదేనని రాశారు. వీడియోలకి వేరే సిమ్ తీసుకోండి. పాత నంబరు వాట్సాప్‌కి టూ స్టెప్ పిన్ ఈ రోజే పెట్టండి. ఆ పిన్ కుర్రాడికి చెప్పకండి.