తీసిందీ సున్నా, పెట్టిందీ సున్నా

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ రాత్రి చదివా. వీఓఐపీ గేట్‌వేలో (ఇంటర్నెట్ ఫోన్లని మామూలు టెలిఫోన్ లైన్‌కి కలిపే డబ్బా) నంబర్ మానిప్యులేషన్ (కొట్టిన నంబర్లో అంకెలు తీయడం, కలపడం) గురించి తెలుగులో రాద్దామనుకున్నావ్, అందుకే ముందు శభాష్. కానీ చదువుతుంటే మెనూ చదివినట్టుంది. ఈ ట్యాబ్ తెరవండి, ఇక్కడ ప్రిఫిక్స్ (నంబర్ ముందు వచ్చే అంకెలు) ఇవ్వండి, సేవ్ కొట్టండి. సరే, చదివినవాడు కొట్టాడు, ఎందుకు కొట్టాడో వాడికి తెలీదుగా.

ఒక్క నంబరు పట్టుకుని దాని వెనకాలే నడువు. హైదరాబాద్ ఆఫీసులో ఒకాయన బయటి లైన్ కోసం 0 నొక్కి, పదంకెల మొబైల్ నంబర్ కొట్టాడనుకో. గేట్‌వే ఆ 0 తీసేస్తుంది, మళ్ళీ ఇంకో 0 పెట్టి ల్యాండ్‌లైన్ ట్రంక్ (టెలికాం వాళ్ళ నుంచి ఆఫీసుకొచ్చే లైన్) మీదకి పంపిస్తుంది, ఎందుకంటే 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేస్తే ముందు 0 ఉండాల్సిందే. తీసిందీ సున్నానే పెట్టిందీ సున్నానే, మరి ముట్టుకోకుండా వదిలేస్తే పోలా అని ఎవడైనా అడుగుతాడు, అడగాలి కూడా. ఆయనే 0 నొక్కి 8 అంకెల లోకల్ ల్యాండ్‌లైన్ కొడితే? అప్పుడు 0 తీసేసి ఉత్త 8 అంకెలే పంపాలి. మొదటిది ఆఫీసు సున్నా, రెండోది టెలికాం వాళ్ళ సున్నా. నువ్వు దీన్ని ఒక్క లైన్లో దాటేశావ్, నేనైతే సగం వ్యాసం ఇక్కడే కూర్చునేవాణ్ణి.

నా తప్పులు కూడా వాడుకో. అప్పట్లో ఒక ఆఫీసులో నేను "9తో మొదలైతే 0 కలుపు" అని ఒకే రూల్ రాసి ఇంటికొచ్చేశా. పొద్దున్నే అకౌంట్స్ అమ్మాయి ఫోను, 7తో మొదలయ్యే నంబర్లకి పోవట్లేదు సార్ అని. ఇంకొకాయన సెల్‌ఫోన్‌లో చూసి దేశం కోడ్ 91తో సహా కొడుతున్నాడు, దానికీ 0 తగిలి 091 అయి కూర్చుంది. సరే అని 91 తీసేసే రూల్ కింద రాశా, పని చెయ్యలా. ఆ గేట్‌వే పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదట కలిసిన రూల్ దగ్గరే ఆగిపోతుంది, కిందది చూడనే చూడదు. పైకి తెచ్చా, ఇంకో గొడవ, 91తోనే మొదలయ్యే పదంకెల మొబైల్ నంబర్లూ ఉన్నాయి కదా, వాటి తల ఎగిరిపోయింది. చివరికి అంకెల లెక్క పెట్టాకే తెమిలింది: 12 ఉంటే 91 తీసేసి 0 కలుపు, 10 ఉంటే ఉత్త 0 కలుపు.

పైనుంచి కిందకి అన్నానని అన్నిటికీ అదే రాసెయ్యకు, ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్చేంజి సాఫ్ట్‌వేర్) డయల్‌ప్లాన్‌లో, అంటే ఏ నంబరు ఎటు పోవాలో చెప్పే రూల్స్‌లో, వరసతో పని లేదు, ఎక్కువ స్పష్టంగా ఉన్న ప్యాటర్న్‌కే ముందు ఛాన్స్. ఏ డబ్బా గురించి రాస్తున్నావో మొదట్లోనే చెప్పు.

ఎమర్జెన్సీ నంబరు 112 గురించి అసలు రాయలేదేంటి? 0 నొక్కినా నొక్కకపోయినా అది 112గానే బయటికి పోవాలి, ఆ రూల్ అన్నిటికంటే పైన.

అన్నట్టు నీ రెండో స్క్రీన్‌షాట్‌లో మీ క్లయింటు నంబరు మొత్తం కనబడుతోంది, ముందు అది చెరిపెయ్.