బోస్నియాక్ 2ఎఫ్ అని రాశారంటే కిడ్నీ తీసేయాల్సిందేనా? – సమాధానం

అన్నా, మీ నాయనకు ఎడమ కిడ్నీలో నాలుగు సెంటీమీటర్ల నీటితిత్తి ఉందని, అనంతపురంలో తీసిన సీటీ స్కాన్‌లో ‘బోస్నియాక్ 2ఎఫ్’ అని రాశారని, కిడ్నీ తీసేస్తారేమోనని ఇంటిల్లిపాదీ భయపడుతున్నారని రాశారు. అంత భయం అక్కర్లేదు.

రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ 1986లో చేసిన కిడ్నీ తిత్తుల వర్గీకరణ ఇది, 2019లో సవరించారు. 1, 2 తరగతులు హాని లేని తిత్తులు. 3లో సుమారు సగం, 4లో చాలా భాగం క్యాన్సర్లుగా తేలతాయి. 2ఎఫ్ మధ్యలోది. వీటిలో ఎక్కువ భాగం హాని చేయవు గానీ కనిపెట్టుకుని ఉండాలి.

సైజు చూసి బెంబేలు పడొద్దు. అసలు చూడాల్సింది రక్తప్రసరణ. తిత్తిలో ఉత్త నీరే ఉంటే సాంద్రత 20 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రతను కొలిచే లెక్క) దాటదు, స్కాన్ కోసం నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించినా మారదు. మందు ఎక్కించాక గోడలోనో లోపలి గడ్డలోనో సాంద్రత 20 యూనిట్లు, ఆపైన పెరిగిందంటే అక్కడ రక్తం పారే కణజాలం ఉన్నట్టు. కాబట్టి మందుకు ముందు, తర్వాత రెండుసార్లూ తీశారా అని రిపోర్టులో చూడండి. ఒక్కసారే తీసుంటే ఈ పోలిక కుదరదు. అప్పుడు కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ గురించి అడగండి, దానికి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

2ఎఫ్ అన్న ఒక్క మాట మీద ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దన్నదే నా మాట. కర్నూలులోనో కడపలోనో ఇంకో యూరాలజిస్టుకు చూపించండి. మామూలుగా ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకటి చొప్పున ఐదేళ్లు స్కాన్ చేస్తారు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఆగొద్దు. పోయేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా తీసుకుపోండి.